ఎప్పుడు తెగాలో తెలిసిన తాడు

మేం తయారు చేసిన యంత్రం మా కళ్ళెదుటే తప్పు చేస్తే, మేమంతా చప్పట్లు కొట్టి, గెంతి, ఒకరి మీద ఒకరు పడి సంబరం చేసుకున్న రోజు ఒకటుంది. ఈ మాట చెప్తే కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజనీరు పిల్లలు నన్ను కాస్త అనుమానంగా చూస్తారు. రిటైరయ్యాక ఈవిడకి మతి చలించిందేమో అనుకుంటారు. అందుకే మొదటి నుంచీ చెప్తాను.

నేను విశాఖపట్నంలో ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరుగా పనిచేశాను. విమానాలకూ హెలికాప్టర్లకూ అమర్చే పరికరాలు చేసేవాళ్ళం. అందులో నా వంతు భద్రత. అంటే మిగతావాళ్ళు "ఇది ఎలా పనిచేస్తుంది" అని ఆలోచిస్తుంటే, నేను "ఇది మనిషిని ఎలా చంపుతుంది" అని ఆలోచించాలి. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటావమ్మా" అని అడిగితే జవాబు చెప్పడానికి తడబడేదాన్ని. మావారు గోదావరి జిల్లా మనిషి, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. నా బదులు ఆయనే "అన్నిటికీ వంకలు పెడుతుందండి, దానికి జీతమిస్తారు" అని తేల్చేసేవారు. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

నా సర్వీసు చివర్లో మా కంపెనీకి ఒక మంచి పని వచ్చింది. సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని హెలికాప్టర్ నుంచి తాడు వేసి పైకి లాగే వించ్ అది. తాడంటే సన్నటి ఉక్కు తీగలతో పేనినది. దాని చివర కొక్కెం. కొక్కేనికి వేలాడుతూ డైవర్ దిగుతాడు, నీళ్ళలో ఉన్న మనిషిని పట్టుకుంటాడు, ఇద్దరినీ కలిపి వించ్ పైకి లాగుతుంది. చూడ్డానికి బావిలో చేద వేసినంత సులువుగా ఉంటుంది.

చిక్కంతా ఒక్క చోట. ఆ కొక్కెం పడవ స్తంభానికో, వలకో పట్టేసిందనుకోండి. అప్పుడు హెలికాప్టర్‌ని పడవకి కట్టేసినట్టే. ఒక పెద్ద అల వచ్చి పడవ పక్కకి ఒరిగితే హెలికాప్టర్ కూడా దానితోపాటు సముద్రంలోకి పోతుంది. అందుకని వించ్‌లో ఒక కట్టర్ పెడతారు. చిన్న మందుగుండు గుళిక, దాని ముందు ఒక ఉలి లాంటి కత్తి. వించ్ ఆపరేటర్ మూత ఎత్తి మీట నొక్కితే గుళిక పేలి, కత్తి తాడుని కోసేస్తుంది. హెలికాప్టర్ బతికిపోతుంది.

ఇప్పుడు నా బాధ అర్థమైందా? కోయమన్నప్పుడు అది కోసి తీరాలి. కోయమనకపోతే ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకూడదు. ఎందుకంటే తాడు చివర మనిషి ఉంటాడు.

*

మా పరీక్షల షెడ్డు పోర్టుకి వెనకవైపు, సముద్రం వాసన తగిలేంత దగ్గర్లో ఉండేది. అందులో ఎత్తైన ఇనుప టవర్ కట్టి, పైన వించ్ బిగించాం. ఒక ఉదయం, అసలు గుళిక పెట్టి, మనిషంత బరువున్న ఇసుక సంచిని కొక్కేనికి తగిలించి పైకి లాగుతున్నాం. ఆపరేటర్ చెయ్యి పైకి-కిందకి బటన్ మీదే ఉంది. కట్టర్ మీట మీద మూత వేసే ఉంది. సంచి సగం ఎత్తుకి వెళ్ళింది.

ఠప్‌మని చప్పుడు. సంచి నేల మీద పడి పగిలింది. ఇసుక మా కాళ్ళ దాకా చిమ్మింది.

టవర్ కింద, ఎవరూ దాటకూడని గీతకి ఇవతల, డైవర్ నిలబడి ఉన్నాడు. ఈ వించ్ ఎవరి కోసం చేస్తున్నామో ఆ రెస్క్యూ బృందం మనిషి. విజయనగరం వైపు పల్లెలో రైతు కుటుంబం. ఊరి నేలబావిలో ఈత నేర్చుకుని, చివరికి సముద్రంలో దూకడమే ఉద్యోగంగా చేసుకున్నాడు. అతను తెగిన తాడు చివరని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"తెగిపోనాది" అన్నాడు, ఎవరికీ తెలియనట్టు.

ఆపరేటర్ మొహం పాలిపోయింది. "నాను ముట్టుకోనేదు సార్. మూత సూడండి, ఏసే ఉన్నాది" అంటూ అందరికీ చూపించాడు. నిజమే. మూత వేసే ఉంది.

ఆ రోజంతా వెతికాం. తీగలు చూశాం, మీట చూశాం, కంట్రోల్ బాక్స్ విప్పి చూశాం. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. గుళిక స్థానంలో ఎర్ర దీపం పెట్టి మళ్ళీ మళ్ళీ నడిపాం. కట్టర్‌కి ఆదేశం వెళ్తే దీపం వెలగాలి. వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. వారమంతా వెలగలేదు. వించ్ పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లలా ఎంత ఒద్దికగా పనిచేసిందో చెప్పలేను.

మా డైరెక్టరుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కంపెనీ పెట్టిన మనిషి. మంచివారే. కానీ సముద్రం మీద ట్రయల్‌కి తేదీ ఖాయమైపోయింది.

"ఒక్కసారే కదమ్మా జరిగింది" అన్నారు మీటింగులో. "గుళికలో లోపమేమో. మార్చేద్దాం."

"గుళికలో లోపముంటే పేలకుండా పోవచ్చు గానీ, ఆదేశం లేకుండా పేలదు సార్. ఎక్కడి నుంచో ఆదేశం వెళ్ళింది. ఎక్కడి నుంచో తెలియకుండా నేను సంతకం పెట్టను."

"తేదీ దాటితే కొనేవాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోతారు. తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆయన ఫైలు మూసేశారు. మీటింగు అయ్యాక బయట డైవర్ నన్ను ఆపాడు. అంత కోపంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

"మేడమ్, సంతకం ఎట్టీండి. నాను దిగుతాను. నా పేణం, నా ఇష్టం."

"అది నీ ఇష్టం కాదు బాబూ."

"మీకు తెల్దు. పోయిన తుపానుకి పడవ మునిగిపోతంటే మేము ఒడ్డు కాడ నిలబడి సూసినాం. హెలికాప్టర్ ఉన్నాది, వించ్ నేదు. మనుసులు సేతులు ఊపతన్నారు, మేము సూత్తన్నాం. మళ్ళీ తుపాన్ల కాలం వచ్చీలోగా ఇది రాకపోతే మళ్ళీ సూడాలి. మీరు కాయితాల మీద ఆలోసిత్తారు, నాను నీళ్ళలో ఆలోసిత్తాను."

ఇది పిల్లలకి ముఖ్యంగా చెప్పాలి. ఆపితే భద్రత, నడిపితే ప్రమాదం అనుకుంటాం. కానీ ఆపినందుకు కూడా మనుషులు పోతారు. ఆ సాయంత్రం ఉక్కునగరం క్వార్టర్‌కి వెళ్ళి, వంట చేస్తూ, ఉప్పు వేశానో లేదో తెలియక రెండుసార్లు వేసి మావారి చేత చీవాట్లు తిన్నాను. కానీ సంతకం మాత్రం పెట్టలేదు.

*

నా విభాగంలో నేను కాక ఉన్నది ఒక్క అమ్మాయి. శ్రీకాకుళం జిల్లా పల్లె పిల్ల. ఆఫీసులో చక్కటి పుస్తకాల తెలుగు మాట్లాడేది, ఉద్వేగం వస్తే మాత్రం ఊరు బయటపడేది. మేమిద్దరం ఆ కంట్రోల్ బాక్స్‌ని పెట్టని హింస లేదు. వణికించే బల్ల మీద పెట్టి వణికించాం. రేడియో తరంగాలు తగలాలని పక్కన నిలబడి వాకీటాకీలు నొక్కాం. కరెంటు పెంచాం, తగ్గించాం. పొయ్యి లాంటి పెట్టెలో పెట్టి వేడి చేశాం. ఎర్ర దీపం గుడ్డిగానే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను టీ తాగి వచ్చేసరికి ఆ పిల్ల బాక్స్ ఎదురుగా గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుని, దానితో మాట్లాడుతోంది. "సెప్పవే తల్లీ. ఆ రోజు ఏటైనాది నీకు? నాకు సెప్పు, మేడమ్‌కి సెప్పన్లే."

"నాకూ చెప్పమను" అన్నాను వెనక నుంచి. సిగ్గుతో లేచి నిలబడింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. అంత అలిసిపోయి ఉన్నాం.

ట్రయల్ తేదీ ముంచుకొస్తోంది. ఆదివారం కూడా ఆ అమ్మాయి ల్యాబ్‌కి వెళ్ళింది. నేనూ వెళ్ళాల్సింది. కానీ మావారు, "ఒక్క పూట మనిషిలా ఉండవే" అని పూర్ణా మార్కెట్‌కి బయల్దేరదీశారు. అప్పుడే వాన కురిసి వెలిసింది. కారులో ఏసీ ఆయన అలవాటు ప్రకారం పూర్తిగా తిప్పి పెట్టారు. చలికి చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

మార్కెట్ దగ్గర తలుపు తీసి దిగాను. కళ్ళజోడు ఒక్కసారిగా మసకబారిపోయింది. ఎదురుగా ఏమీ కనబడలేదు, అంతా తెల్లగా ఉంది. విశాఖలో ఏసీ కారు దిగిన ప్రతి కళ్ళజోడుకీ జరిగేదే. చీర కొంగుతో తుడుచుకుందామని చెయ్యెత్తాను.

చెయ్యి అలాగే ఆగిపోయింది.

తుడవకపోతే ఏమవుతుంది? కాసేపటికి అదే ఆరిపోతుంది. ఆరిపోయాక ఇక్కడ తడి ఉండేదని ఎవరికైనా తెలుస్తుందా?

ఆ ఉదయం బాక్స్ ఎక్కడి నుంచి వచ్చింది? మామూలుగా అది షెడ్డులోనే ఉండేది. కానీ ఆ ముందురోజు ప్రోగ్రాంలో మార్పు చేయడానికి ల్యాబ్‌కి తీసుకెళ్ళాం. ల్యాబ్‌లో ఏసీ. రాత్రంతా అక్కడే ఉంది. పొద్దున్నే చల్లటి బాక్స్‌ని సముద్రపు ఉక్కలోకి తెచ్చి నేరుగా టవర్‌కి తగిలించాం. ఆ తర్వాత చేసిన పరీక్షలన్నీ అయితే ల్యాబ్ చలిలో చేశాం, లేదా షెడ్డు వేడిలో చేశాం. చలిలోంచి ఉక్కలోకి తెచ్చి వెంటనే చేసింది ఒక్కటీ లేదు!

"తప్పుకోండమ్మా, దారికి అడ్డంగా అలగ నిలబడిపోనారేటి!" అని బస్తా మోస్తున్నతను అరుస్తున్నాడు. నేను పక్కకి జరిగి ఫోన్ తీశాను.

"బాక్స్ ఎక్కడుంది?"

"ఏసీ రూములోనే మేడమ్. ఏటైనాది?"

"అక్కడే ఉంచు. కదపకు. వస్తున్నాను."

మావారు అప్పటికే చేపలు కొనేశారు. "ఇప్పుడా? ఈ ఉక్కలో చేపలు పెట్టుకునా?" అన్నారు. నా మొహం చూసి మళ్ళీ మాట్లాడకుండా కారెక్కారు. దారంతా నేను ఒకటే వాగుతూనే ఉన్నాను. ఆయనకి సగం అర్థం కాలేదు, అయినా సిగ్నళ్ళ దగ్గర హారన్ మాత్రం నాకన్నా ఆత్రంగా కొట్టారు.

*

చల్లటి బాక్స్‌ని నేనూ ఆ పిల్లా చెరో వైపు పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాం. వించ్ ఆపరేటర్ ఇల్లు దగ్గరే, పిలిస్తే లుంగీ మీదే వచ్చేశాడు. మేం చూస్తుండగానే బాక్స్ మీద మంచు బిందువులు కమ్ముకున్నాయి. "చెమట పోసింది!" అన్నాను. తగిలించాం. ఆపరేటర్ పైకి బటన్ నొక్కాడు. సంచి లేచింది. ఎర్ర దీపం వెలగలేదు.

మళ్ళీ బాక్స్ చల్లబరిచి తెచ్చాం. వెలగలేదు.

నా ఉత్సాహమంతా నీరుకారిపోయింది. మావారు షెడ్డు గుమ్మంలో చేపల సంచి పట్టుకుని, మాట్లాడాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. అప్పుడు ఆ అమ్మాయి తీగ చివరనున్న కనెక్టర్‌ని చూస్తూ మెల్లిగా అంది.

"మేడమ్, ఇప్పుడు మనం ఆ మూతి మూసేసి తెస్తున్నాం. దుమ్ము పడకుండా. ఆ రోజు మూత దొరక్కపోతే అలగే తెచ్చీసినాం. పిన్నులకి గాలి తగిలినాది."

నేను ఆ పిల్ల భుజం పట్టుకుని ఊపేశాను. మళ్ళీ ఏసీ గది. మళ్ళీ ఎదురుచూపు. ఈసారి మూత తీసేసి, కనెక్టర్ మూతి తెరిచి, ఉక్కలో అలాగే మోసుకొచ్చాం. తగిలించాం. ఆపరేటర్ బటన్ మీద వేలు పెట్టి నావైపు చూశాడు. తల ఊపాను. సంచి లేచింది. పావు ఎత్తు. సగం ఎత్తు.

ఎర్ర దీపం వెలిగింది.

"ఎలిగింది! మేడమ్, ఎలిగింది! ఓలమ్మో, ఎలిగిపోనాది!" ఆ పిల్ల గెంతింది. ఆపరేటర్ "నాను ముట్టుకోనేదు! సూసినారా? నాను ముట్టుకోనేదు!" అని అరుస్తూ రెండు చేతులూ గాల్లోకి ఎత్తేశాడు. ఇన్నాళ్ళూ లోపల్లోపల తనమీదే అనుమానం పెట్టుకుని కుమిలిపోయాడని అప్పుడు తెలిసింది. నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగానని మావారు ఇప్పటికీ అంటారు.

ఆయన లోపలికి వచ్చారు. "ఏమైందే? బాగైందా?"

"చెడిపోయింది! చెడిపోయిందండీ!"

"మరి నవ్వుతారేంటి?"

ఫోన్ అందుకుని డైరెక్టరుగారు చొక్కా బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా వచ్చేశారు. మా కేకలు విని ఎవరికో దెబ్బ తగిలిందనుకుని గుమ్మంలోనే హడలిపోయారు. చూపించాం. మళ్ళీ చల్లబరిచి, తెచ్చి, ఆయన ముందు మళ్ళీ వెలిగించాం. ఆయన బల్ల మీద కూలబడ్డారు.

కారణం చెప్తే మీకు నవ్వొస్తుంది. కనెక్టర్‌లో కరెంటు వచ్చే పిన్నూ, కట్టర్‌కి ఆదేశం తీసుకెళ్ళే పిన్నూ పక్కపక్కనే ఉన్నాయి. గీసినవాళ్ళకి అది సదుపాయంగా అనిపించింది. చూసినవాళ్ళెవరికీ అభ్యంతరం కనిపించలేదు. చల్లటి పిన్నుల మీద ఉప్పుగాలి తేమ పట్టి, రెంటి మధ్యా కంటికి కనిపించని వంతెన కట్టింది. మూత ఎత్తకుండా, మీట నొక్కకుండా, కరెంటు ఆ వంతెన మీదుగా నడిచి వెళ్ళి గుళికని పేల్చింది. కాసేపటికి తడి ఆరింది. వంతెన మాయమైంది.

చేపల సంగతి మరిచిపోయాను. షెడ్డు వాచ్‌మన్ వాళ్ళావిడ వాటిని పులుసు పెట్టింది. అందరం అక్కడే విస్తళ్ళు వేసుకుని తిన్నాం. అంత రుచైన చేపల పులుసు మళ్ళీ తినలేదు.

తింటూ తింటూ ఆ అమ్మాయి ముద్ద కలపడం ఆపేసింది. "మేడమ్, హెలికాప్టర్ పైన ఎగురుతున్నప్పుడు చలి కదా. కిందకి దిగితే సముద్రం ఉక్క..."

అందరం తినడం ఆపాం. ఎత్తులో చల్లబడిన బాక్స్. మునుగుతున్న పడవ మీదికి దిగడం. దిగేటప్పుడు తడిగాలి కనెక్టర్‌లోకి దూరడం. సరిగ్గా డైవర్‌ని తాడు మీద కిందకి పంపే సమయం అదే.

మర్నాడు డైవర్‌ని పిలిచి అదే చూపించాం. దీపం వెలిగినప్పుడు అతను చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాను దిగీసి ఉండేవోన్ని మేడమ్" అన్నాడు. అంతే.

*

డైరెక్టరుగారు నేను ఊహించని పని చేశారు. కొనేవాళ్ళకి తనే ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. ఇక ఈ పని పోయినట్టే అనుకున్నాం. వాళ్ళు మాత్రం తేదీ జరిపారు. ఒక్క షరతు పెట్టారు. సరిచేశాక, ఇదే పరిస్థితిలో, సముద్రం మీదే, అసలు గుళిక పెట్టి చూపించాలి.

తర్వాతి రోజులు నా ఉద్యోగంలోకెల్లా హుషారైనవి. పిన్నులు దూరం జరిపాం, కనెక్టర్‌కి గాలి చొరని సీలు వేశాం. కానీ ఎంత సీలు వేసినా ఒకనాడు తడి చేరుతుంది. కాబట్టి చేరినా ప్రమాదం లేకుండా చేయాలి. ఆ ఉపాయం మా ఇద్దరికీ బస్‌స్టాప్‌లో వచ్చింది, బస్సు పోయింది. ఇకనుంచి కట్టర్‌కి రెండు తీగలు. ఒకదాంట్లోకి కరెంటు రావాలి. అదే క్షణంలో రెండో దాంట్లో కరెంటు ఆగాలి. రెండూ జరిగితేనే కత్తి కదలాలి. తడికి కరెంటుని దాటించడం తెలుసు. ఆపడం తెలియదు.

ట్రయల్‌లో డైవర్ దిగి, పడవ మీద నుంచి ఒక మనిషిని తీసుకుని పైకి రావాలి. ఆ మనిషి ఎవరన్న ప్రశ్న వచ్చింది. కుర్రాళ్ళు చాలామంది చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

"మీరా?" అన్నారు డైరెక్టరుగారు.

"సముద్రంలో చిక్కుకునేవాళ్ళందరూ కుర్రాళ్ళే ఉంటారా సార్?"

డాక్టరు పరీక్ష చేసి సరేనన్నాక గానీ ఒప్పుకోలేదు. మావారికి చెప్తే కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మేడ మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టుకుంటావు. ఈతా రాదు. ఎక్కడికి ఎక్కుతావంట?"

"ఎక్కడం నేను కాదండీ, వించ్ ఎక్కిస్తుంది."

"అది నువ్వు వంక పెట్టిన వించేగా?"

"అందుకేనండీ. ఇప్పుడు వంక లేదు."

ఆయన గ్లాసు మళ్ళీ తీసుకుని, "సంతకం పెట్టావా?" అని అడిగారు. పెట్టానన్నాను. "అయితే వెళ్ళు" అన్నారు.

*

ఆ ఉదయం పడవలో డాల్ఫిన్ నోస్ కొండ దాటి బయటి సముద్రంలోకి వెళ్ళాం. అలలు మరీ పెద్దవి కావు గానీ నాకు చాలినన్ని. లైఫ్ జాకెట్టు బిగించుకుని, పైట బదులు పట్టీలు వేసుకుని, వాంతి ఆపుకుంటూ నిలబడ్డాను. నా పక్కనే రేడియో పట్టుకుని మా విభాగం అమ్మాయి. హెలికాప్టర్ పైన, బాగా పైన, చుక్కలా తిరుగుతోంది. కావాలనే అక్కడ ఉంచాం, బాక్స్ బాగా చల్లబడాలని. దానిలో అసలు గుళిక ఉంది, ఆదేశం వెళ్తే తెలిసేలా పక్కనే ఎర్ర దీపమూ ఉంది.

"దిగుతన్నారు మేడమ్!" అంది అమ్మాయి.

అది దిగుతుంటే ముందు చప్పుడు, తర్వాత గాలి. సముద్రం నురగలై లేచి మొహాన కొట్టింది. తలుపులోంచి డైవర్ తాడు మీద వేలాడుతూ వచ్చాడు. నేను అతన్ని చూడలేదు, తాడునే చూశాను. ఆ తడి, ఆ చలి, అన్నీ ఇప్పుడే కలుస్తున్నాయి. డెక్ మీద అతని కాళ్ళు ఆనగానే గుండెల్లోంచి ఊపిరి బయటికొచ్చింది.

నా చంకల కింద పట్టీ బిగించి, చెవి దగ్గర అరిచాడు. "భయమేత్తందా మేడమ్?"

"లేదు!" అని అబద్ధం చెప్పాను.

"నాకేత్తంది! మీరు పడితే మీ ఆయన నన్ను ఒగ్గుతాడేటి!"

కాళ్ళ కింద డెక్ లేదు. అంతే, అంత సులువుగా పోయింది. పడవ చిన్నదై, ఆ అమ్మాయి మొహం చిన్నదై, మేమిద్దరం గాల్లో మెల్లిగా తిరుగుతున్నాం. ఒక తిప్పులో సముద్రం, ఒక తిప్పులో యారాడ కొండ, ఒక తిప్పులో దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. సగం ఎత్తుకి వచ్చాక వించ్ ఆగింది.

నా ప్రాణం కూడా ఆగింది. ఆ రోజు తాడు తెగింది ఇక్కడే.

"ఏమైంది?"

"ఏటీ నేదు! ఊగుతన్నాం కదా, ఊపు ఆగేవరకు ఆపినాడు! కిందకి సూడకండి, నన్ను సూడండి!"

అతన్ని చూశాను. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఎందుకో నాకూ ఆపుకోలేనంత నవ్వొచ్చింది. జీవితమంతా ఇలాంటి తాడు ఎన్ని రకాలుగా తెగుతుందో ఊహించి భయపడ్డదాన్ని. ఇప్పుడు దానికి వేలాడుతుంటే, దాని లోపలి ప్రతి తీగా, ప్రతి పిన్నూ నాకు తెలుసు. నా భయాలన్నీ నాకు పేరుపేరునా తెలుసు, ఒక్కొక్కదానికీ ఏం చేశామో తెలుసు. అంత ధైర్యం నాకెప్పుడూ కలగలేదు. గట్టిగా కేక పెట్టాను. అది ఆనందంతో పెట్టిన కేకని డైవర్‌కి తెలియడానికి కాస్త సమయం పట్టింది.

వించ్ మళ్ళీ కదిలింది. తలుపు దగ్గర ఆపరేటర్ నా పట్టీ పట్టుకుని లోపలికి లాగి పడేశాడు. నేను బోర్లాపడి, లేవకుండానే పాక్కుంటూ కంట్రోల్ బాక్స్ దగ్గరికి వెళ్ళాను. చేత్తో తాకాను. ఐసులోంచి తీసినట్టుంది. ఒళ్ళంతా చెమట పట్టి, నీళ్ళు కారుతోంది. కనెక్టర్ చుట్టూ బొట్లు. ఇంతకన్నా తడవడం సాధ్యం కాదు.

ఎర్ర దీపం వెలగలేదు.

ఆపరేటర్ నా వైపు వంగి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. ఇంజన్ హోరులో మాట వినబడలేదు గానీ ఏమన్నాడో నాకు తెలుసు. ముట్టుకోలేదన్నాడు.

*

నేను రిటైరైన తర్వాతి తుపాన్ల కాలంలో, ఒక మబ్బు పట్టిన పొద్దున, దండెం మీద బట్టలు తీస్తుంటే డైవర్ ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు, మనుషుల కేకలు.

"మేడమ్! పడవ మునిగిపోనాది! అందర్నీ తీసీసినాం! ఒక్కడు కూడా పోనేదు!"

చేతిలో బట్టలు కింద పడ్డాయి.

"ఇంకోటి సెప్పాల. ఆఖరోన్ని పైకి తెచ్చీసి, తాడు మళ్ళీ కిందకి ఒదిలినాం, ఇంకెవుడైనా ఉన్నాడేటోనని. కొక్కెం పోయి స్తంభానికి పట్టీసినాది. అల లేసింది, హెలికాప్టర్ ఒరిగిపోతంది. మనోడు మూతెత్తి నొక్కినాడు. ఒక్క దెబ్బ!"

"కొక్కేనికి ఎవరూ లేరుగా?" అన్నాను. ఎంత పిచ్చి ప్రశ్నో అడిగాక తెలిసింది.

"ఎవుడూ నేడు మేడమ్. మేమందరం ఉన్నాం."

అతను "ఇదిగో, ఈయనతో మాటాడండి" అని, నేను వద్దనేలోపు ఫోన్ ఎవరికో ఇచ్చేశాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్న గొంతు, వయసు మళ్ళిన మత్స్యకారుడిది.

"ఎవులమ్మా మీరు?"

"ఆ వించ్ తయారు చేసినవాళ్ళలో ఒకదాన్ని" అన్నాను.

"అలగా తల్లీ!" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఎంతో మనస్ఫూర్తిగా అన్నాడు. "శానా గట్టి తాడు సేసినారమ్మా."

దాన్ని కోసే కత్తి గురించే ఏళ్ళు గడిపినదాన్ని. కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వు ఆగలేదు. మావారు కంగారుగా వరండాలోకి వచ్చి, ఎవరని సైగ చేశారు.

"అవును బాబూ" అన్నాను ఫోన్‌లో. "చాలా గట్టి తాడు."